గోబీలో కుస్తీ పడతానంటున్న మా మేనల్లుడికి

ఒరే చిన్నా,

మీ అమ్మ ఫోన్ చేసింది. మంగోలియాలో గోబీ ఎడారిలో ఉన్న సైన్‌షాండ్ రిఫైనరీ పనికి నీ వీసా వచ్చేసిందంట, జూన్‌లో ఎక్కేస్తున్నావంట, అక్కడికెళ్ళి మంగోలు వాళ్ళతో కుస్తీ పడతానని ఇంట్లో అందరికీ చెప్పుకు తిరుగుతున్నావంట. "అన్నయ్యా, నువ్వైనా వద్దని చెప్పు వాడికి" అంది. నేను వద్దని చెప్పను రా. అదే చోట ఉద్యోగం చేసొచ్చినోణ్ణి, నేను పడకుండా ఉన్నానా ఏటి. కాకపోతే ఎలా దిగాలో, దేంట్లో అసలు దిగకూడదో చెప్తా. వాయిస్ మెసేజ్ పెడితే డబుల్ స్పీడ్‌లో పెట్టుకుని సగమే వింటావు కాబట్టి కూర్చుని టైపు చేస్తున్నా, ఓపిగ్గా చదువు.

నువ్వు కనుమ నాడు సంగిడి రాయి ఎత్తావు, వైజాగ్‌లో జిమ్‌కెళ్ళి ఛాతీ పెంచావు, బాగానే ఉంది, కానీ అది చూసి అక్కడ ఎవడూ నిన్ను పిలవడు. మా క్యాంపులో ఒక కుర్రాడుండేవాడు, చూస్తే సినిమా హీరో బాడీ. ఒక ఆదివారం కాపర్ల గుడారం ముందుకెళ్ళి షర్టు విప్పి దమ్ముంటే రండి అన్నట్టు నిలబడ్డాడు. వాళ్ళు నవ్వారు, లోపలికి పిలిచి ఉప్పు టీ ఇచ్చారు, జాగ్రత్తగా వెళ్ళు నాయనా అని పంపించేశారు. అంతే, ఇంక ఆ ఇంటి చుట్టుపక్కల ఎవరూ వాణ్ణి పట్టించుకోలేదు.

వాళ్ళ దగ్గర దారి నూతి దగ్గర మొదలవుద్ది. గోబీలో వేసవి కాలం గొర్రెలు, మేకలు, గుర్రాలు, ఒంటెలు అన్నీ నీళ్ళకి నూతి దగ్గరికే రావాలి. కొన్ని చోట్ల మోటారు పెట్టారు గానీ చేత్తో తోడే నూతులు ఇప్పటికీ ఉన్నాయి. ఒక తాడు, దానికో రబ్బరు బకెట్టు, పక్కన పొడుగ్గా ఒక తొట్టి. దాహమేసిన ఒంటె ఒక్క దఫాలో వంద లీటర్లు తాగేస్తుంది, అలాంటివి ఇరవై వచ్చి నిలబడితే లెక్కేసుకో. నువ్వెళ్ళి ఆ తాడు అందుకో, అడగక్కర్లేదు. మొదట్లో జోరుగా లాగేస్తావు, కాసేపటికి ముంజేతులు రాయిలా బిగిసిపోతాయి, పిడికిలి తెరుచుకోదు, నీ పక్కనే యాభై దాటిన ఆవిడ నీతో కబుర్లు చెప్తూ లాగుతూనే ఉంటుంది. ఆవిణ్ణి గమనించు. మోచేతులు పక్కటెముకలకి ఆనించి ఉంచుతుంది, లాగేది చేతుల్తో కాదు నడుముతో, బకెట్టు పైకొచ్చే చివరి జానలో ఒక్క విసురు, నీళ్ళు తొట్టిలో పడిపోతాయి. మీ జిమ్ కోచ్ నెల రోజులు చెప్పినా అంత బాగా చెప్పలేడు. ఆ బిగి తోటే వాళ్ళు రేపు కుస్తీలో నీ చొక్కా పట్టుకుంటారు, అర్థమైందా.

నూతి దగ్గర రెండు మూడు వారాలు కనిపిస్తే చాలు, తర్వాత వాళ్ళే పిలుస్తారు. మకాం మార్చేటప్పుడు గెర్ విప్పడానికి పిలుస్తారు (గెర్ అంటే ఆ గుండ్రటి తెల్ల గుడారం), ఒంటెల ఊలు తీసేటప్పుడు పట్టుకోవడానికి పిలుస్తారు, గుర్రాలకి ఉచ్చు గడకర్ర వేసేటప్పుడు మాత్రం దూరంగా నిలబడు, అది చిన్నప్పట్నుంచి జీను మీద పుట్టి పెరిగిన వాళ్ళ పని. పనైపోయాక సాయంత్రం పూట గడ్డి మీద కుర్రాళ్ళు సరదాగా పట్టుకుంటారు చూడు, నీ మొదటి కుస్తీ అక్కడే. జనం లేరు, బిరుదుల్లేవు, ఒంటి మీద మామూలు బట్టలే.

ఇప్పుడు వాళ్ళ కుస్తీ సంగతి. బోఖ్ అంటారు. బరువుల విభాగాల్లేవు, అరవై కిలోల వాడికి నూట ముప్పై కిలోల వాడు తగలొచ్చు, అయ్యో అనేవాడెవడూ ఉండడు. ఒలింపిక్స్‌లోలా పాయింట్ల లెక్క లేదు. అరికాలు, అరచెయ్యి తప్ప ఒంట్లో ఏది నేలకి తగిలినా ఓడినట్టే, మోకాలు తగిలినా మోచెయ్యి తగిలినా అంతే సంగతులు. అరచెయ్యి ఆనితే ఏం కాదు, ఇది గుర్తుపెట్టుకో, చాలామంది కొత్తోళ్ళు చెయ్యి నేలకి తగలగానే ఓడిపోయామనుకుని వదిలేస్తారు. అయితే నువ్వు చైనా వైపు ఇన్నర్ మంగోలియాకి గనక వెళ్తే అక్కడ చెయ్యి తగిలినా ఓటమే, రూలు వేరు. నువ్వెళ్ళే చోట కాళ్ళు పట్టుకోవచ్చు, కాలితో మెలేసి పడగొట్టొచ్చు. కొట్టడం, గొంతు నొక్కడం, కళ్ళ జోలికెళ్ళడం ఉండవు.

నువ్వు మంచి ఎత్తరివి కాబట్టి వాళ్ళు నీ కాళ్ళకే వస్తారు. నడుం దించి ఉండు, అడుగులు చిన్నవి వెయ్యి, రెండు కాళ్ళూ ఒకే గీత మీదికి రానివ్వకు. మనవాళ్ళకి ఒక అలవాటుంది, మొదటి అయిదు సెకన్లలో ఎత్తి కుదేద్దామని మీదికెళ్ళిపోవడం. వాళ్ళకి కావాల్సింది అదే. నువ్వు మీదికి తోసే బలంతోనే నిన్ను పక్కకి తిప్పి మోకాలు నేలకి ముట్టిస్తారు, నీకు ఎక్కడా నొప్పి కూడా ఉండదు, పైకి చూస్తే ఆకాశం కనిపిస్తుంది. నిదానంగా పట్టు, ఊపిరి పీల్చు, వాడి బరువు ఏ కాలి మీదుందో చూడు, వాళ్ళు ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు పట్టుకుని నిమిషాల తరబడి కదలకుండా నిలబడతారు, చూసేవాడికి బోరు, లోపలున్నవాడికి మాత్రం నరకం.

ఇంక ఇక్కడుండగా నువ్వు చేయాల్సింది బెంచ్ ప్రెస్ తగ్గించడం. గోనెసంచి మడిచి దూలానికి వేసి రెండు చేతులా పట్టుకుని వేలాడు, పిడికిలికి అదే మందు. భీమిలి వెళ్ళి తడి ఇసకలో కాదు పొడి ఇసకలో పరిగెత్తు. ఒంటికాలి మీద నిలబడి ఎవరినైనా భుజం పట్టుకుని లాగమను. మెడకి ఏదైనా చేయించుకో కోచ్‌తో. ఇవన్నీ బూట్లేసుకునే చెయ్యి, ఎందుకంటే అక్కడ పోటీలో ముక్కు పైకి తిరిగిన బరువైన తోలు బూట్లు వేస్తారు, గుతల్ అంటారు, వాటితో కాలు మెలెయ్యడం వట్టి కాళ్ళతో వేసినంత తేలిక కాదు.

పోటీ అంటే నాదమ్, వాళ్ళ పెద్ద ఆటల పండగ. జాతీయ నాదమ్ జులై 11 నుంచి 13 వరకు రాజధాని ఉలాన్‌బాతర్‌లో, మామూలు ఏడాది 512 మంది మల్లులు, ఓడినవాడు ఇంటికే, తొమ్మిది రౌండ్లు నెగ్గినవాడు విజేత. ఏదైనా పెద్ద వార్షికోత్సవం అయితే 1024 మంది, ఒక రౌండు ఎక్కువ. అయిదు నెగ్గితే డేగ బిరుదు, ఏడు నెగ్గితే ఏనుగు, ఎనిమిదికి గరుడ, తొమ్మిది నెగ్గి విజేతైతే సింహం, రెండోసారి విజేతైతే అవర్గ, అంటే మహామల్లుడు. అది నువ్వు చూడ్డానికి, ఆడ్డానికి కాదు. మనకి సుమ్ నాదమ్ సరిపోద్ది, సుమ్ అంటే మన మండలం అనుకో, రిఫైనరీ ఉన్నది అల్తాన్‌షిరే సుమ్‌లోనే. సుమ్ పోటీలో మల్లుల సంఖ్య తక్కువ, ఎవరో ఒకరు నిన్ను తెలిసినవాళ్ళుంటారు, నూతి దగ్గర చూసినవాళ్ళు, వాళ్ళు పేరిప్పిస్తారు. నీ అంతట నువ్వెళ్ళి ఆఫీసు టేబుల్ దగ్గర పేరివ్వకు. పై రౌండ్లలో బిరుదున్నవాడికి తన ప్రత్యర్థిని తానే ఎంచుకునే హక్కుంది, కొత్తోడివి ఒకటి రెండు నెగ్గావంటే ఎవడో ఏనుగు లాంటివాడు నిన్నే ఏరుకుంటాడు. దానికి ఏడవకు, అది అక్కడి మర్యాదే.

బట్టల గురించి అడుగుతావేమో. జోదగ్ అని పొడుగు చేతుల చిన్న జాకెట్టు, వీపూ చేతులూ మాత్రమే కప్పుతుంది, ఛాతీ అంతా బయటికే, పొట్ట మీద తాడు ముడి. వెనకటికి ఒకమ్మాయి మగవేషంలో వచ్చి మగాళ్ళందర్నీ పడగొట్టేసిందని, అప్పట్నుంచి ఛాతీ తెరిచి ఉంచారని కథ చెప్తారు. కింద షూదగ్, చిన్న బిగుతు లంగోటా లాంటిది. గోచీ కట్టి దున్నిన తాతల మనవడివి, సిగ్గుపడక్కర్లేదు. నువ్వు కొనక్కర్లేదు కూడా, ఎవరో ఒకరు ఇస్తారు, నీ ఎత్తుకి సరిపోయేది దొరకడమే కష్టం.

పట్టు కంటే ముందు నేర్చుకోవాల్సింది పట్టు ముందూ తర్వాతా జరిగేది. ఒక్కో మల్లుడికీ జసూల్ అని ఒక పెద్దమనిషి ఉంటాడు, నీ టోపీ అతని చేతికిచ్చి దిగాలి. దిగేముందు రెండు చేతులూ చాపి గద్దలాగ, కాదు వాళ్ళ మాటలో గరుడ పక్షిలాగ, నెమ్మదిగా తిరుగుతారు, తొడలు తడతారు. ఇక్కడొక హెచ్చరిక. మన సినిమాల్లో తొడ కొట్టడం వేరు, కళ్ళెర్రజేసి ఎదుటివాడి వైపు చూసి ఠపీమని కొడతామే, అది చెయ్యకు. అక్కడ అది సవాలు కాదు, నాట్యంలో ఒక భాగం, మెల్లగా తట్టి వదిలేస్తారు, నువ్వు మన స్టైల్లో కొడితే జనం నవ్వుతారు. ఓడిపోయావనుకో, ఓడిపోతావు కూడా, లేచి జోదగ్ ముడి విప్పుకుని, నెగ్గినవాడు చెయ్యి పైకెత్తుతాడు, దాని కిందనుంచి వంగి వెళ్ళాలి. మూతి ముడుచుకుని కాదు. నెగ్గినవాడికి ఆరూల్, అంటే ఎండబెట్టిన పెరుగు ముక్కలు ఇస్తారు, అతను వాటిని జనం మీదికి విసురుతాడు, పిల్లలూ ముసలివాళ్ళూ ఎగబడి ఏరుకుంటారు, ఒకటి నీ దగ్గర పడితే తిను, పన్ను జాగ్రత్త. మోకాలు తగల్లేదని వాదించినవాణ్ణి ఇంకోసారి సాయంత్రం ఆటకి పిలిచిన పాపాన పోలేదు నేను చూసినంతలో. కుస్తీలోనే కాదు, మామూలుగా నడుస్తూ ఎవరి కాలైనా తొక్కితే వెంటనే చెయ్యి కలుపు, ఏదిచ్చినా కుడిచేత్తో తీసుకో, గడప తొక్కకు.

పెద్దవాళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు మల్లుల పేర్లు నాలుగు తెలిస్తే చాలు, భాష రాకపోయినా గంటసేపు గడిచిపోద్ది. బాత్-ఎర్దెనె, 11 సార్లు నాదమ్ గెలిచాడు, తర్వాత 2013లో దేశాధ్యక్ష పదవికి కూడా పోటీ చేశాడు. బయన్‌మోంఖ్, పదిసార్లు విజేత, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో వెండి పతకం. మోంఖ్‌బాత్, 1968 మెక్సికోలో వెండి తెచ్చినాయన, ఆయన కొడుకే జపాన్ సుమోలో 45 టైటిళ్ళు కొట్టిన హకుహో. ఈ చివరి పేరు చెప్పు చాలు, ఇంటాయన లేచి ఫోన్లో వీడియోలు తీస్తాడు.

చలికాలం ఇంకో ఆటుంది, సేర్ విరగ్గొట్టడం. పశువు వెన్నుపూస ఒకటి, మాంసమంతా తీసేసిన ఎముక, ఒక చేత్తో పట్టుకుని రెండో చేతి పిడికిలి పక్కతో కొట్టి విరగ్గొడతారు. త్సగాన్ సార్, వాళ్ళ కొత్త సంవత్సరం, ఆ రోజుల్లో ఇళ్ళల్లో ఆడుతుంటారు. చూస్తే ఏముందిలే అనిపిస్తుంది, పదిహేనేళ్ళ పిల్లాడు కూడా ఫట్‌మని విరిచేస్తాడు. నువ్వు ముట్టుకోకు. ఎక్కడ కొట్టాలో, ఎముక ఏ వాలులో పట్టుకోవాలో వాళ్ళకి చిన్నప్పట్నుంచి తెలుసు, నీకు తెలియదు, విరిగేది నీ చిటికెన వేలి ఎముకే. పైపింగ్ పని చేసేవాడికి చెయ్యి పోతే మీ అమ్మ నన్ను చంపుతుంది. ఎముకలతోనే ఆడాలనిపిస్తే గొర్రె చీలమండ ఎముకల ఆట ఉంది, షగాయ్, నాలుగు పక్కలకీ గుర్రం, ఒంటె, గొర్రె, మేక అని పేర్లు, అది పిల్లలు నేర్పుతారు హాయిగా.

ఇక కజాక్ వాళ్ళ దగ్గరికెళ్ళాలని ఉంటే అక్టోబర్‌లో లీవు పెట్టు. దేశం పడమటి చివర బయాన్-ఓల్గీ, అక్కడ ఉండేవాళ్ళలో ఎక్కువమంది కజాక్‌లే, అక్టోబర్ మొదటి వారాంతంలో గద్దల పండగ చేస్తారు. ఉలాన్‌బాతర్ నుంచి రోడ్డున 1,600 కిలోమీటర్ల పైమాటే, విమానం ఎక్కు, రోడ్డు మీద వెళ్తే నీ నడుం అక్కడే అయిపోద్ది. గద్దల ఫొటోలు అందరూ తీస్తారు, నువ్వు కుక్‌బర్ చూడు. గుర్రాల మీద ఇద్దరు, మధ్యలో ఒక మేకతోలు, చెరో కొస పట్టుకుని లాగాలి. దగ్గర్నుంచి చూశాను నేను. కొరడా పళ్ళ మధ్య కరిచి పట్టుకున్నాడు ఒకడు, ఒళ్ళంతా జీను మీంచి పక్కకి వాలిపోయింది, ఒక మోకాలు మాత్రం జీనుకి కొక్కెంలా తగులుకుని ఉంది, రెండు గుర్రాలూ భుజాలు రాసుకుంటూ గుండ్రంగా తిరుగుతున్నాయి, తోలు చిరుగుతుందేమో అనిపించింది గానీ చిరగలేదు, అవతలివాడి పిడికిలి విడింది. అక్కడ లాగేది చేతులు కాదు, గుర్రం. మన చేతిబలం ఎంతున్నా గుర్రం మన మాట వినకపోతే సున్నా.

అందుకే గుర్రం మీద ఆడే ఏ ఆటకీ నువ్వు వద్దు. కుక్‌బర్ వద్దు, జీను మీంచి ఒకణ్ణొకడు కిందికి లాగే అవుదరిస్పాక్ అసలే వద్దు, దౌడు తీస్తూ కిందున్న వస్తువుని వంగి తీసుకునేదీ వద్దు. ఎవరైనా ముద్దుగా ఎక్కు ఎక్కు అని గుర్రం ఇస్తారు, ఎక్కి ఫొటో దిగి దిగిపో. ఎడమ వైపు నుంచే ఎక్కాలి, అదొక్కటి మర్చిపోకు.

నేల మీద వాళ్ళ కుస్తీ ఉంది, కజాక్ కురెస్, 2016లో యునెస్కో జాబితాకెక్కింది. ఇది బోఖ్ కాదు. చపాన్ అనే మందపాటి కోటు, నడుముకి పట్టా, పట్టులన్నీ పట్టాకి పైనే, చేతుల్తో కాళ్ళు పట్టుకోకూడదు, మోకాలు తగిలితే ఆట పోదు, వీపు నేలకి కొట్టాలి. అంటే నువ్వు గోబీలో నేర్చుకున్న సగం విద్య ఇక్కడ ఫౌలు. మళ్ళీ ఆ కజాక్ కుర్రాళ్ళే నాదమ్ వస్తే బోఖ్ పడతారు, కాబట్టి దిగేముందు ఏ పద్ధతిలో అని అడుగు. నీకు నా సలహా ఏటంటే ఇక్కడ మొదలు చేతికుస్తీతోటో, తాడు లాగుడుతోటో పెట్టుకో, సంగిడి ఎత్తిన చేతులు కదా అవి, ఆ రెండింట్లో పరువు దక్కుతుంది. వీళ్ళ దగ్గర చెప్పాల్సిన పేర్లు కజిముకాన్, బలువాన్ షోలాక్. కజిముకాన్ మన వీరఘట్టం కోడి రామ్మూర్తి గారిలాగే సర్కస్‌లో బలప్రదర్శనలిచ్చిన మల్లుడు. బలువాన్ షోలాక్‌కి ఒక చేతికి వేళ్ళు లేవు, అయినా మల్లుడే, పైగా పాటలు కట్టి పాడేవాడు. రామ్మూర్తి గారి ఫొటో ఒకటి ఫోన్లో పెట్టుకెళ్ళు, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకున్నాయన మా జిల్లా అని చూపించు, నేను అదే పని చేశాను, రెండో కప్పు టీ వచ్చింది.

తిండి సంగతి మీ అమ్మకి చెప్పకు గానీ మాంసమే మాంసం. ఐరగ్ అని గుర్రప్పాలు పులియబెట్టి ఇస్తారు, కొంచెం పుల్లగా నురగగా ఉంటుంది, కజాక్‌లు కుమిస్ అంటారు, మొదటిరోజు ఒక గిన్నెతో ఆపు, రెండో గిన్నె తాగావంటే మర్నాడు కుస్తీ కాదు, వేరే దాంతో పోరాటం. వోడ్కా గ్లాసు తిరుగుతూ వస్తుంది, పెదాలకి తాకించి వెనక్కి ఇచ్చేస్తే ఎవరూ తప్పు పట్టరు. తాగి మాత్రం పట్టుకి దిగకు, అవతలివాడు తాగి ఉన్నా దిగకు. గెర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు దూరం నుంచే "నొఖోయ్ ఖోర్" అని కేకెయ్యి, కుక్కని పట్టుకోండి అని, ఆ కుక్కలు మన వీధికుక్కలు కావు.

బెణుకు పడితే ఆ పూటకి ఆపెయ్యి. సుమ్‌లో చిన్న ఆసుపత్రి ఉంటుంది గానీ స్కానింగు కావాలంటే సైన్‌షాండ్, పెద్దదైతే ఉలాన్‌బాతర్, రాత్రంతా రైలు. నీ కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఆటల్లో తగిలిన దెబ్బలు ఉన్నాయో లేవో వెళ్ళేముందే హెచ్‌ఆర్‌ని మెయిల్లో అడుగు, నోటి మాట తీసుకోకు. మోకాళ్ళకి క్రేప్ బ్యాండేజీలు నాలుగు, వేళ్ళకి చుట్టుకునే టేపు, నూతి తాడుకి తోలు చేతి తొడుగులు ఒక జత, ఇవి ఇక్కడే కొనుక్కో. తొడుగులు రెండు జతలు కొను, ఒక జత ఆ ఇంటివాళ్ళకి.

మీ మావయ్య